వంద మీటర్లా, యాభై మీటర్లా?

పుష్య మాసపు అమావాస్య నాడు కాకినాడ పక్కనున్న చొల్లంగికి తెల్లవారకముందే జనం చేరుకుంటారు. సప్తసాగర యాత్ర చేసేవాళ్లు తొలి స్నానం ఇక్కడే చేస్తారు. ఆ తీరాన అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దదని చెప్పడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. వేటకు వెళ్లే ప్రతి ఇంటికీ అది తెలిసిన లెక్కే. ఆ పెద్ద పోటు నీళ్లు ఎంతవరకు ఎక్కుతాయో అక్కడే ఒక గీత ఉంటుందని, ఇల్లు కట్టాలన్నా చెరువు తవ్వాలన్నా ఆ గీత నుంచే కొలవాలని భారత ప్రభుత్వం చెప్పింది మాత్రం 1991లో.

చొల్లంగికి దక్షిణంగా కోరింగ మడ అడవులు మొదలవుతాయి. గౌతమీ గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట బురద మేటవేసి పుట్టిన నేల ఇది. పోటుకు మునుగుతుంది, పాటుకు తేలుతుంది. నల్లమడ, తెల్లమడ చెట్ల ఊపిరి వేర్లు బురదలోంచి మొలకల్లా పైకి పొడుచుకొస్తాయి. రొయ్య పిల్లలకూ పీత పిల్లలకూ పుట్టిల్లు ఈ ఉప్పుటేళ్లే. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ మరుసటి ఏడాదే, 1978లో, కోరింగను అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు.

ఈ నేల మీద సర్కారు పెత్తనం అప్పుడే మొదలైంది కాదు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. అప్పటి నుంచి పోటు నీరు ఆరిపోయిన చోట తెల్లగా పేరుకున్న ఉప్పును గీరుకుని ఇంటికి తెచ్చుకున్నా నేరమే. ఈ కట్టడికి నేలను కాపాడే ఉద్దేశం ఏమీ లేదు, ఖజానాను నింపుకోవడమే దాని పని. 1930 ఉప్పు సత్యాగ్రహంలో తూర్పు గోదావరి కార్యకర్తలు చట్టాన్ని ధిక్కరించడానికి ఎంచుకున్న చోట్లలో ఈ చొల్లంగి కూడా ఒకటి.

స్వాతంత్ర్యం వచ్చాక చాలా ఏళ్లు తీరం గురించి ప్రత్యేకంగా ఎవరూ పట్టించుకోలేదు. నది నోటి దగ్గరి బురద నేల రికార్డుల్లో బంజరు. బంజరు అంటే ఎవరికైనా ఇవ్వొచ్చు, దేనికైనా వాడొచ్చు. 1981 నవంబరులో ప్రధాని ఇందిరా గాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఒక లేఖ రాశారు. పెద్ద పోటు వచ్చే చోటు నుంచి 500 మీటర్ల వరకు తీరాన్ని ఖాళీగా ఉంచాలన్నది దాని సారాంశం. లేఖకు గౌరవం ఉంటుంది గాని, ఉల్లంఘించినవాడిని కోర్టుకు లాగే శక్తి ఉండదు. ఆ శక్తి 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టంతో వచ్చింది. దాని కింద 1991 ఫిబ్రవరి 19న కేంద్రం తీరప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్ జారీ చేసింది. ఇంగ్లిషు పొడి అక్షరాల్లో అదే సీఆర్‌జెడ్.

ఆ నోటిఫికేషన్‌లో తీరమంటే సముద్రపు ఒడ్డు ఒక్కటే కాదు. పోటు నీరు ఎక్కే నదులు, ఉప్పుటేళ్లు, అఖాతాలు అన్నీ అందులోకి వచ్చాయి. మడ అడవుల వంటి సున్నితమైన నేలలూ, పోటు గీతకూ పాటు గీతకూ మధ్య తేలే నేలా మొదటి తరగతిలో చేరాయి. అక్కడ కొత్త కట్టడాలకు దాదాపు పూర్తిగా తలుపులు మూశారు. సముద్రం వైపు హద్దు 500 మీటర్లు. నదుల, ఉప్పుటేళ్ల వెంట అయితే కనీసం 100 మీటర్లు, లేదా ఆ ఏటి వెడల్పు, రెండింటిలో ఏది తక్కువైతే అది. ఏడాదిలోగా ప్రతి రాష్ట్రం తన తీరానికి పటాలు గీసి ప్రణాళిక పంపాలన్నారు. రాష్ట్రాలు కదల్లేదు.

ఇక్కడి నుంచి కథంతా మీటర్ల చుట్టూ తిరుగుతుంది. 1994లో కేంద్రం నదుల వెంట ఉన్న ఆ 100 మీటర్లను 50కి కుదించింది. హోటళ్లు, విహార కేంద్రాలు కట్టుకునేవాళ్ల ఒత్తిడే దాని వెనుక ఉందని పర్యావరణ సంస్థలు సుప్రీంకోర్టుకు ఎక్కాయి. 1996 ఏప్రిల్‌లో కోర్టు ఆ కుదింపును కొట్టివేసింది. ప్రణాళికలు పంపని రాష్ట్రాలకూ మొట్టికాయలు వేసింది.

అదే ఏడాది చివర అసలు దెబ్బ రొయ్యల చెరువుల మీద పడింది. 1990ల మొదట్లో నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా కోస్తాలో రొయ్య అంటే బంగారమే. వరి పండని చవిటి నేలలో ఏడాదికి రెండు పంటలు తీయొచ్చన్న మాట ఊరూరా పాకింది. ఉప్పుటేరుకు గట్టు కట్టి, ఇంజన్లతో ఉప్పునీరు తోడి, మడ చెట్లు కొట్టేసి చెరువులు తవ్వారు. చెరువు నీరు మళ్లీ ఏట్లోకే వదిలేవారు. చుట్టుపక్కల బావులు ఉప్పుబారాయి. కాలువలు మూసుకుపోయి మత్స్యకారులు తీరానికి వెళ్లే దారి పోయింది. 1994, 1995లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులే ఎండగట్టింది. అప్పులు మిగిలాయి.

తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. సీఆర్‌జెడ్ పరిధిలో ఉన్న రొయ్యల చెరువులన్నీ 1997 మార్చి 31 లోగా తొలగించాలంది. సంప్రదాయ పద్ధతుల్లో సాగుచేసే చెరువులకే మినహాయింపు. పులికాట్ సరస్సు చుట్టూ 1000 మీటర్ల లోపు చెరువు ఉండకూడదని, ఆ హద్దు నేలపట్టు పక్షుల కేంద్రానికీ వర్తిస్తుందని పేరు పెట్టి మరీ చెప్పింది. తీర్పు విన్న రైతులు లబోదిబోమన్నారు. సమీక్ష పిటిషన్లు పడ్డాయి, గడువు గడువుగానే మిగిలిపోయింది.

కోర్టు తొలగించమన్నవాటిని పార్లమెంటు 2005లో మరో దారిలో నిలబెట్టింది. తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చెరువులను నమోదు చేసుకోమంది. పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త చెరువుకు అనుమతి ఉండదంది, అప్పటికే ఉన్నవాటికి మాత్రం దారి ఇచ్చింది. నోటిఫికేషన్ నిషేధం సాగుకు వర్తించదని, అదీ వెనకటి తేదీ నుంచే, చట్టంలో రాసుకున్నారు. 2023 సవరణ తీరమండలిలో రొయ్యల సాగుకు ఉన్న వెసులుబాటును మరింత స్పష్టంగా చెప్పింది.

చెరువుల మీద మెత్తబడిన చట్టం కాంక్రీటు మీద మాత్రం ఒక్కసారి తన బలం చూపింది. కేరళలో కొచ్చి పక్కనున్న మరడులో వేంబనాడు సరస్సు ఒడ్డున నాలుగు బహుళ అంతస్తుల భవన సముదాయాలు వెలిశాయి. 2006లో పంచాయతీ అనుమతి ఇచ్చింది. తీర నిర్వహణ సంస్థను అడగలేదు. ఆ నేల కట్టకూడని మండలిలో ఉందని 2019 మే 8న సుప్రీంకోర్టు తేల్చింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలు అమర్చి వాటిని కూల్చేశారు. ఒక్కో భవనం కొన్ని సెకన్లలో దుమ్ముగా మారడం దేశమంతా టీవీల్లో చూసింది. ఫ్లాట్లు కొన్నవాళ్లు మాత్రం, పంచాయతీ ముద్ర చూసే కదా డబ్బు కట్టాం అన్నారు. మధ్యంతర పరిహారంగా ఒక్కొక్కరికి 25 లక్షల రూపాయలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది.

మరి ఆ 100 మీటర్లు ఏమయ్యాయి? 2011 జనవరిలో వచ్చిన కొత్త నోటిఫికేషన్ వాటిని అలాగే ఉంచింది. పోటు ప్రభావం ఎక్కడి దాకా ఉందో తేల్చడానికి నీటిలో ఉప్పు శాతాన్ని కొలబద్దగా పెట్టింది. ఏడాదిలో బాగా పొడిగా ఉండే రోజుల్లో లీటరు నీటికి సుమారు 5 గ్రాముల ఉప్పు ఉన్నంత దూరం తీరమండలే. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ కావాలంది. 2019 జనవరిలో మళ్లీ కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఏళ్ల వెంట హద్దు 50 మీటర్లకు దిగింది. 1996లో కోర్టు కొట్టేసిన అంకె అదే. ప్రైవేటు భూమిలో ఉన్న మడ అడవికి రక్షణ పట్టీ అవసరమే లేదంది.

గీత ఎంత దూరాన ఉన్నా దాని లోపల బతికేది పోటు నీరు వచ్చినంత కాలమే. 1990ల నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ గోదావరి, కృష్ణా డెల్టాల్లో పాడైన మడ నేలల్లో చేపముల్లు ఆకారంలో చిన్న కాలువలు తవ్వించింది. ఆ కాలువల్లో పోటు నీరు లోపలికి వెళ్లి, పాటుకు తిరిగి రాసాగింది. నిలవ ఉప్పు తగ్గాక మొక్కలు నాటారు. తవ్వకం నిషిద్ధమైన నేలలోనే తవ్వకం అడవిని తిరిగి తెచ్చింది. గట్టు వేసి నీటిని ఆపితే చెట్టును గొడ్డలితో నరకక్కర్లేదు, అదే ఎండిపోతుందని ఆ పని చేసినవాళ్లకు తెలుసు.

కాకినాడలోనే 2020లో మరో తగాదా లేచింది. పేదల ఇళ్ల స్థలాల కోసం దుమ్ములపేట దగ్గర మడ చెట్లున్న నేలను చదును చేయడం మొదలుపెట్టారు. ఇల్లు లేనివాళ్లకు ఇల్లు కావాలి, చెట్లు ఉన్న చోటే ఎందుకు అన్న ప్రశ్నతో వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇలాంటి కేసుల్లో వాదనంతా కడకు పటం దగ్గరికే చేరుతుంది. పోటు గీత ఏ సర్వే నంబరు మీదుగా పోతోంది, ఆ నేల మొదటి తరగతిదా, రెండోదా, మూడోదా? చెట్టు అడవి శాఖదా, రెవెన్యూదా, ఎవరి పట్టా భూమిలోదా? 2019 నోటిఫికేషన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ ఆ పటాలను మళ్లీ గీయాలి. ఊరివాళ్లకు చూపించి, అభ్యంతరాలు వినాలి. 50 మీటర్లు అమల్లోకి వచ్చేది ఆ పటానికి కేంద్రం ఆమోదం దొరికిన తర్వాతే.