సరిహద్దు ఎరగని లైసెన్సు

2011 సెప్టెంబరు 15న తిరువళ్లూరు పక్కనున్న కాక్కలూరులో అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకాన్ని మొదలుపెట్టారు. తొలి ఏడాదికి 9.12 లక్షల ల్యాప్‌టాప్‌లు, 912 కోట్ల రూపాయల ఖర్చు అని ప్రభుత్వం ప్రకటించింది. మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్ల పంపిణీ కూడా ఆ రోజే మొదలవడంతో ల్యాప్‌టాప్ కూడా ఆ సామాన్లలో ఒకటిగానే చాలామంది కంటికి ఆనింది. అయితే ఆ యంత్రంలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండేవి. ఒకటి విండోస్. రెండోది డెబియన్ లినక్స్ ఆధారంగా కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్, అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. విద్యార్థి చేతికి రెండూ పైసా ఖర్చు లేకుండానే వచ్చాయి. చట్టం లెక్కలో మాత్రం రెంటికీ పొంతనే లేదు. మొదటిదాన్ని వాడుకోవచ్చు, అంతవరకే. రెండోదాన్ని వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కింటివాళ్లకు కాపీ తీసి ఇవ్వొచ్చు, మార్చినదాన్ని ఊరంతా పంచొచ్చు. ధర ఒకటే అయినా హక్కులు వేరు కావడానికి కారణం లైసెన్సు. దాన్ని ఎంచుకోవడం ప్రోగ్రామర్లు తమలో తాము తేల్చుకోవలసిన వ్యవహారమని మనం అనుకుంటాం. తిరుత్తణి లాంటి సరిహద్దు ఊళ్లో తెలుగు చదువుకునేవాళ్ల వైపు నుంచి చూస్తే, అది భాష మనుగడకు సంబంధించిన నిర్ణయం.

ముందు చట్టం సంగతి. మన 1957 నాటి కాపీరైట్ చట్టం, తర్వాతి సవరణలతో, కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలోనే చేర్చింది. రాసినవాళ్లు నోరు విప్పకపోతే హక్కులన్నీ వాళ్లవే, ఆ మీదట మరణానంతరం 60 ఏళ్లు వారసులవి. తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1975లో కన్నుమూశారు. ఆయన బతికుండగా అచ్చయిన పుస్తకాలను ఎవరైనా స్వేచ్ఛగా వేసుకునే వీలు మన దేశంలో 2036 జనవరి 1కి గానీ రాదు. ప్రోగ్రామునూ ఇదే నియమం కాపాడుతుంది. కోడ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టేసి లైసెన్సు మాట ఎత్తకపోతే అది అందరిదీ అయిపోదు. చూడ్డానికి ఎదురుగా ఉన్నా, కాపీ చేయడానికి గానీ మార్చి పంచడానికి గానీ ఎవరికీ హక్కు ఉండదు.

ఈ కాపీరైట్‌నే అడ్డం తిప్పి వాడుకున్నవాడు రిచర్డ్ స్టాల్‌మన్. 1983లో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించి, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు తొలి రూపాన్ని తెచ్చాడు. అది వాడే మనిషికి నాలుగు స్వేచ్ఛలిస్తుంది: ఏ పనికైనా నడుపుకోవడం, చదివి మార్చుకోవడం, కాపీలు పంచడం, మార్చిన రూపాన్నీ పంచడం. బదులుగా ఒక్క షరతు పెడుతుంది. మార్చిన రూపాన్ని ఎవరికి ఇచ్చినా, సోర్సు కోడ్‌తో సహా ఇవే స్వేచ్ఛలు వాళ్లకూ ఇవ్వాలి. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లాంటి లైసెన్సులు ఆ షరతు పెట్టవు. రచయిత పేరు, లైసెన్సు పాఠం ఉంచితే చాలు, మార్చిన రూపాన్ని మూసేసి అమ్ముకున్నా అడగవు. ఈ రెండు దారుల్లో ఏది మేలన్న వాదం ముప్పై ఏళ్లకు పైగా నడుస్తోంది. దానికి జవాబు పై నుంచి, అంటే తయారీదారు కుర్చీలోంచి చూస్తే ఒకలా, ఆఖరి వాడుకరి గడప దగ్గర నిలబడి చూస్తే ఇంకొకలా కనిపిస్తుంది.

ఆ గడప తిరుత్తణిదే అనుకుందాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది. తమిళ నాయకుడు మా.పొ. శివజ్ఞానం నడిపిన ఉద్యమం, సరిహద్దు వివాదంలో మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సులు, 1959 నాటి సరిహద్దు మార్పుల చట్టం, ఈ మూడింటి ఫలితంగా 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. సరిహద్దు గీత జరిగినంత తేలిగ్గా ఇళ్లలో మాట జరగలేదు. తిరుత్తణి, పళ్లిపట్టు పరిసరాల్లో తెలుగు ఇంటిభాషగా మిగిలింది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక, అక్కడి తెలుగు పిల్లలకు కావలసినవి హైదరాబాదు పిల్లలకు కావలసినవి కావు. తమిళం ద్వారా తెలుగు అక్షరాలు నేర్పే పాఠం, రెండు లిపుల్లో వెతకగలిగే నిఘంటువు, తమిళనాడు సిలబస్‌కు సరిపోయే అభ్యాసాలు వాళ్లకు కావాలి. ఇంత చిన్న గిరాకీ కోసం ఏ కంపెనీ సరుకు తయారుచేయదు. చేయనందుకు దాన్ని తప్పుపట్టడానికీ లేదు. కానీ హైదరాబాదులో తయారైన పనిముట్టును తిరుత్తణి ఉపాధ్యాయుడు తన పిల్లలకు తగినట్టు మార్చించుకోవచ్చా లేదా అన్నది మార్కెట్ తేల్చే విషయం కాదు. లైసెన్సు తేల్చే విషయం.

ఇది ఊహ కాదనడానికి తెలుగు కంప్యూటింగ్ చరిత్రలోనే సాక్ష్యం ఉంది. అన్ని లిపులకూ ఒకే సంకేత పద్ధతి ఇచ్చే యూనికోడ్ స్థిరపడక ముందు ఒక్కో తెలుగు పత్రిక వెబ్‌సైటుకు ఒక్కో ఫాంటు, ఒక్కో సంకేత పద్ధతి. ఒక పత్రిక ఫాంటు లేకపోతే తెరమీద అర్థంలేని గుర్తులే. తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఉపకరణంతో ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే దారి చూపారు. జీపీఎల్ కింద వెలువడిన పద్మ తెలుగుతో ఆగలేదు, తమిళం, మలయాళం సహా ఇతర భారతీయ లిపులకూ విస్తరించింది. ఒక భాషవాళ్ల పని పొరుగు భాషవాళ్లకు అక్కరకొచ్చేది కోడ్ తెరిచి ఉన్నప్పుడే. ఫాంట్లలో ఇంకో పాఠం ఉంది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద లినక్స్ పంపిణీల్లోకి చేరాయి. అయితే ఫాంటును పత్రంలో పొదిగితే ఆ పత్రానికీ జీపీఎల్ షరతు అంటుకుంటుందా అన్న చిక్కు వచ్చింది. దానికి ప్రత్యేక మినహాయింపు రాయవలసి వచ్చింది. తర్వాత ఎస్ఐఎల్ సంస్థ ఓపెన్ ఫాంట్ లైసెన్సు తెచ్చింది. మార్చిన ఫాంటు అదే లైసెన్సులో ఉండాలి, దానితో తయారైన పుస్తకానికి ఏ షరతూ లేదు. అమెరికా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన తెలుగు ఫాంట్లు ఈ లైసెన్సుతోనే వచ్చాయి. స్వేచ్ఛ అందరికీ ఒకటే అయినా, దాన్ని కాపాడే షరతు వస్తువును బట్టి ఉండాలని దీన్నిబట్టి తేలుతుంది.

అసలు షరతులెందుకు, ఇచ్చేదేదో బేషరతుగా ఇచ్చేస్తే పోలేదా అనేవాళ్లున్నారు. వాళ్లకు తమిళనాట గొప్ప దృష్టాంతమే ఉంది. 1949లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ నడిపిన మద్రాసు ప్రభుత్వం తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను తన చేతికి తీసుకుంది. 1955లో వాటిని ప్రజలకే వదిలేసింది. ఆ తర్వాత భారతిని ఎవరైనా అచ్చువేశారు, ఎవరైనా పాడారు. అది నూటికి నూరుపాళ్లూ సరైన పనే. కానీ కవితకూ ప్రోగ్రాముకూ ఒక తేడా ఉంది. కవిత రాసినప్పుడే పూర్తయింది, ఎవరెన్ని వ్యాఖ్యానాలు చేర్చి అమ్ముకున్నా మూలం చెక్కుచెదరదు, పాతబడదు. ప్రోగ్రాము ఏటా మరమ్మతు లేకపోతే మూలపడుతుంది. పదేళ్ల కిందటి తెరిచిన కోడ్ చేతిలో ఉండి, ఇవాళ్టి ఫోన్‌లో పనిచేసే రూపం మాత్రం మూసి ఉంటే, ఆ పాత స్వేచ్ఛతో చేసేదేమీ లేదు. కాబట్టి మూలానికే కాదు, తర్వాతి రూపాలకూ స్వేచ్ఛ సంక్రమించాలి. ఆ పని చేసేది షరతే.

షరతు పెడితే కంపెనీలు దగ్గరకు రావన్నది రెండో అభ్యంతరం. కొన్ని రావు, నిజమే. అయితే లైనస్ టోర్వాల్డ్స్ 1992లో జీపీఎల్ కిందకు తెచ్చిన లినక్స్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి లోపలా ఉంది. 2003లో లింక్‌సిస్ కంపెనీ రౌటర్‌లో లినక్స్ వాడుతున్నట్టు బయటపడి, జీపీఎల్ ప్రకారం కోడ్ విడుదల చేయవలసి వచ్చింది. దాని మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా రౌటర్ సాఫ్ట్‌వేర్ పుట్టింది. అలాగని షరతులేని లైసెన్సును తీసిపారేయనక్కర్లేదు. రాధాకృష్ణన్ పుట్టినరోజైన సెప్టెంబరు 5న, 2017లో, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన ‘దీక్ష’ అనే డిజిటల్ బోధన వేదికకు పునాది అయిన సన్‌బర్డ్ కోడ్ ఎంఐటీ లైసెన్సుతోనే ఉంది. వీలైనన్ని సంస్థలు ఒకే పునాదిని ఎత్తుకోవాలన్నప్పుడు ఆ దారి సబబే. పునాదికి షరతు అడ్డు కావచ్చు. ఆఖరి వాడుకరి నేరుగా పట్టుకునే పనిముట్టుకు మాత్రం షరతే రక్ష.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. కాక్కలూరులో ల్యాప్‌టాప్ అందుకున్న పిల్లల్లో ఎందరు బాస్‌ను తెరిచారు, ఎందరు కోడ్ చదివారు? బడి నేర్పనిది, ఉపాధ్యాయుడికి తెలియనిది ఏ లైసెన్సూ దానంతటది నేర్పదు. కేరళ తన ఐటీ@స్కూల్ కార్యక్రమంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను బడుల్లో పెట్టడంతో సరిపెట్టక, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది కాబట్టే అక్కడ అది వేళ్లూనింది. కాబట్టి ఈ అభ్యంతరం శిక్షణ కావాలన్న వాదనే గానీ, హక్కు అక్కర్లేదన్న వాదన కాదు. కోడ్ అందరూ చదవనక్కర్లేదు. తిరుత్తణిలో మార్చగలిగిన ఒక్కరుంటే వందమంది వాడుకుంటారు. ఆ ఒక్కరికి అనుమతే లేకపోతే శిక్షణ ఎంత ఇచ్చినా వృథా.

ఎంపిక మొదట్లోనే సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో వికీపీడియా చూసింది. తెలుగు సహా అన్ని భాషల వికీపీడియాలూ మొదట సాఫ్ట్‌వేర్ మాన్యువళ్ల కోసం రాసిన జీఎఫ్‌డీఎల్ కింద నడిచాయి. ఒక్క వ్యాసం అచ్చువేసినా లైసెన్సు పాఠమంతా జతచేయాలన్నది దాని నియమం. లక్షల మంది రచయితలను విడివిడిగా అడగడం కుదరదు గనక, లైసెన్సు కొత్త రూపంలోనే మార్పిడికి వీలు రాయించి, 2009 జూన్‌లో రచనల కోసం రాసిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సుకు మారారు. చిన్న తెలుగు ప్రాజెక్టులకు అలాంటి రెండో అవకాశం దొరకదు. కాబట్టి మొదటి రోజే తేల్చుకోవాలి: జనం వాడే పనిముట్టుకు జీపీఎల్, ఫాంటుకు ఓపెన్ ఫాంట్ లైసెన్సు, పాఠాలకూ నిఘంటువులకూ రచయిత పేరు, అదే షరతు నిలిపే క్రియేటివ్ కామన్స్, అందరూ ఎత్తుకోవలసిన పునాది కోడ్‌కు ఎంఐటీ లేదా అపాచీ. తెలుగు కోసం ప్రజల సొమ్ముతో ఏ సాఫ్ట్‌వేర్ తయారైనా, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ విశ్వవిద్యాలయాలూ టెండరు కాగితంలోనే లైసెన్సు పేరు రాయాలి. సరిహద్దు అవతలి తెలుగువాళ్లకు మనం నిధులు పంపలేకపోవచ్చు, అనుమతి మాత్రం ఇవ్వగలం. అందుకు రూపాయి ఖర్చు కూడా లేదు.