రెండడుగుల గోడ

మా కొండాపూర్ ఫ్లాట్ బాల్కనీలో నిలబడితే ఎదురుగా అన్నీ అద్దాల ఆఫీసులే. 1998లో సైబర్ టవర్స్ తెరిచే నాటికి ఈ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్ళగుట్టలే ఉండేవి. ఆ గుట్టల రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అలాంటి నల్లరాతితో కట్టిన ఇల్లొకటి ఆలేరు దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో ఉంది. దసరా వెళ్ళాక దాన్ని కూల్చేస్తున్నారు. అందుకే ఈసారి వంటలూ పిల్లల చదువులూ పక్కన పెట్టి ఆ ఇంటి గురించి రాస్తున్నాను.

రాతి ఇల్లనగానే గడి అనుకునేరు! గడి అంటే దొరలది. బురుజులు, ఎత్తైన ప్రహరీ, వెట్టి చాకిరీ. మా తాతది సొంత పట్టా ఉన్న రైతు కుటుంబం, అంతే. రజాకార్ల గొడవలకు పదేళ్ళ ముందు కట్టారని అమ్మమ్మ చెప్పేది.

గుట్ట మీద వడ్డెరవాళ్ళు బండకు వరసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు దిగ్గొడితే రాయి గీత గీసినట్టు చీలేది. గోడకు లోపలివైపు ఒక వరస, బయటివైపు ఒక వరస పెద్ద రాళ్ళు పెట్టి, నడుమ చిన్న రాళ్ళూ మట్టీ కూరారు. అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడుగు రాయి అడ్డంగా పెట్టారు. అది లేకపోతే రెండు వరసలూ విడిపోయి గోడ పొట్ట ఉబ్బుతుంది. సందులకు డంగు సున్నం. ఎద్దులు తిప్పే గానుగలో ఇసుకా సున్నమూ కలిపి నూరేవాళ్ళు.

బయటి గోడలకు కిటికీలు లేవు. దొంగల భయం ఒకటి, ఎండ ఒకటి. వెలుతురంతా నడిమధ్య ఆకాశం కనిపించే ఖాళీలోంచే. దాన్ని మా వైపు భవంతి అంటారు, గోదావరి జిల్లాల్లో మండువా. చుట్టూ నాలుగు వైపుల గూన పెంకుల వాన నీళ్ళు అందులోకే జారేవి. వడ్లు గుమ్మిలో, పాత సామాను అటుక మీద, దీపాలు గోడ గూళ్ళలో. మా ఫ్లాటులో నాలుగున్నర ఇంచుల గోడకు మేకు కొట్టాలన్నా భయమే, ఇక గూడెక్కడ!

ఆ మందపు గోడ పగలంతా ఎండను మింగి రాత్రికి లోపలికి వదిలేది. అందుకే వేసవిలో మంచాలన్నీ వాకిట్లోనే.

ఇంగ్లండులోనూ ఇలాంటి రైతులే రాతి ఇళ్ళు కట్టుకున్నారు. 1570-1640 మధ్య అక్కడి పల్లెలు పెద్ద ఎత్తున కొత్తగా కట్టుకున్నాయని హోస్కిన్స్ అనే చరిత్రకారుడు 1953లో రాశాడు. నాలుగు డబ్బులు మిగిలాక వాళ్ళు చేసిన పనుల్లో ముఖ్యమైనది పొగగొట్టం. అంతదాకా ఇంటి నడుమ మండే పొయ్యి పొగ కప్పు దాకా నిండేది. పొగ బయటికి పోయే దారి దొరికాక పైన ఇంకో అంతస్తు వేసుకున్నారు. చలిదేశం వాళ్ళు ఇంటి నడుమ నిప్పు పెట్టుకున్నారు, మనం ఆకాశం పెట్టుకున్నాం.

ఒక్క సంగతి మాత్రం నన్ను వదలదు. రాయి చీల్చినవాళ్ళకు జొన్నలు కొలిచి ఇచ్చారని అమ్మమ్మ గర్వంగా చెప్పేది. మరి గుట్ట మీంచి మోసుకొచ్చినవాళ్ళకు ఏమిచ్చారని అడిగితే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి బలయ్యాడు. అది మాకు మరీ దూరమేమీ కాదు. మాది గడి కాదని పైన అంత ధీమాగా రాశాను గానీ, ఆ మోతకూలి లెక్క నాకిప్పటికీ తెలియదు.

పోయిన ఆదివారం మా అబ్బాయితో టేపు పట్టించి కొలతలు రాసుకొచ్చాను. గోడ మందం రెండడుగుల ఒక అంగుళం. "కూలగొట్టేదానికి కొలతలెందుకు బిడ్డా?" అన్నాడు మామ. రాళ్ళు ట్రాక్టర్ల లెక్కన ఎవరికో ప్రహరీ పునాదికి మాట్లాడేశారట. దర్వాజా మాత్రం నాకు కావాలన్నాను. లిఫ్టులో పట్టదు, పన్నెండో అంతస్తు దాకా మెట్ల మీద మోయించాలి. కూలి ఎంతడుగుతారో కనుక్కోవాలి.