మంచుకొండలలో బసలు

ఆల్ప్స్ పర్వతముల చరిత్ర మనగానే శిఖరారోహణ చరిత్రమే మనకు జ్ఞప్తికి వచ్చును. ఏ శిఖరమును ఎవరు, ఏ సంవత్సరమున తొలిసారి ఎక్కిరి అను పట్టికలు గ్రంథముల నిండ గలవు. కాని శిఖరము నెక్కినవాడు అచ్చట నిలుచునది కొద్ది నిమిషములు మాత్రమే. అంతకు ముందటి రాత్రి అతడెచ్చట తలదాచుకొనెను? అతనికి వేడి ఆహారము పెట్టినవారెవరు? ఆ ఇంటి కప్పునకు సొమ్మిచ్చినవారెవరు? ఈ ప్రశ్నలకు ఉత్తరములు వెదకినచో మరియొక చరిత్ర కానవచ్చును. దానిని ఆస్ట్రియా దేశమందలి ఒక్క లోయను ఆధారముగా గొని శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఆస్ట్రియా పశ్చిమ భాగమున టిరోల్ రాష్ట్రము కలదు. అందలి ఓట్స్ లోయ దక్షిణముగా సాగి, ఎగువను రెండు పాయలుగా చీలును. ఆ పాయలలో ఒకదాని చివర ఫెంట్ అను చిన్న గ్రామమున్నది. దాని ఎత్తు సముద్రమట్టమునకు సుమారు 1,900 మీటర్లు. తెలుగునాట ఇంత ఎత్తైన శిఖరమే లేదన్నచో ఆ గ్రామపు ఉనికి మనకు బోధపడగలదు. దాని నెత్తిన, 3,700 మీటర్లను మించి, వైల్డ్‌ష్పిట్స శిఖరము నిలిచియున్నది.

ఈ కొండలు నిర్మానుష్యములని తలచరాదు. దక్షిణమున, నేటి ఇటలీ భాగమున నున్న ష్నాల్స్ లోయ కాపరులు తరతరములుగా ప్రతి వేసవి యందును గొఱ్ఱెల మందలను కనుమలు దాటించి, ఫెంట్ పచ్చికబయళ్ళకు తోలుకొని వచ్చుచున్నారు. శరత్కాలము రాకమునుపే మరల మంచుమీదుగా మరలించుకొని పోదురు. ఇట్టి మందల వలసను యునెస్కో సంస్థ 2019లో మానవజాతి సంస్కృతీ సంపదగా గుర్తించినది. 1991 సెప్టెంబరులో ఈ కనుమల సమీపముననే మంచు కరగి, సుమారు 5,300 సంవత్సరముల నాటి మనుష్యుని కళేబరము బయల్పడినది. ఈ దారులు ఎంత ప్రాచీనములో దానివలన లోకమునకు తెలిసినది.

దారులున్నను, దారి నడచువారికి బసలు లేవు. 1860లో ఫ్రాంజ్ సెన్ అను యువకుడు ఫెంట్ గ్రామమునకు కతోలిక గురువుగా వచ్చెను. ఆయన 1831లో ఆ ఓట్స్ లోయలోనే జన్మించినవాడు. అచ్చటి పేదరికము నెరిగినవాడు. పంటకు తగిన నేల స్వల్పము, చలికాలము దీర్ఘము. పట్టణవాసులు కొండలు చూచుటకు వచ్చినచో వారి సొమ్ము గ్రామమున నిలుచునని, యువకులకు దారిచూపు పని దొరకునని ఆయన తలపోసెను. తాను నివసించు గురుగృహమునే పెద్దది గావించి, అతిథులకు బస ఏర్పరచెను. కనుమలకు బాటలు వేయించుటకు పూనుకొనెను. దారిచూపువారికి శిక్షణ నిచ్చెను. తానును వారితో శిఖరము లెక్కెను. ఇందులకు చేతి సొమ్ము చాలక అప్పులు చేసెను. ఆ అప్పులు చిరకాలము ఆయనను విడువలేదు.

1868 నవంబరులో ఆయన తన ఆప్తుడైన మార్గదర్శి సిప్రియన్ గ్రాన్‌బిఖ్లర్‌తో గూడి హోఖ్‌యోఖ్ కనుమ దాటుచుండగా మంచుతుపాను ముంచుకొని వచ్చెను. గురువు ప్రాణములతో ఇల్లు చేరెను, మార్గదర్శి చేరలేదు. కొండలలో బాటయు, ఆశ్రయమును ఎంత అవసరములో తెలుపుటకు వేరు నిదర్శన మక్కఱలేదు.

అప్పటికే, అనగా 1862లో, వియన్నా నగరమున ఆల్పైన్ సంఘ మొకటి వెలసియుండెను. కొండలను గూర్చిన విజ్ఞానమును ప్రకటించుట దాని ముఖ్యోద్దేశము. సెన్ కోరినది కార్యము. ఆయన వలెనే తలచినవాడు ప్రాగ్ నగరపు వర్తకుడు యోహాన్ ష్టూడ్ల్. ఈయన 1868లో సొంత ఖర్చుతో గ్రోస్‌గ్లోక్నర్ శిఖరము క్రింద ఒక కుటీరము కట్టించెను. వీరిద్దరును, కార్ల్ హోఫ్మన్, థియొడోర్ ట్రౌట్‌వైన్ మున్నగువారును పూనుకొనగా 1869లో మ్యూనిక్ నగరమున జర్మన్ ఆల్పైన్ సంఘము స్థాపితమైనది. 1873లో ఈ రెండు సంఘములును ఏకమైనవి.

ఈ సంఘపు ఏర్పాటులోని విశేషము గమనింపదగినది. ఒక్కొక్క నగరమున ఒక్కొక్క శాఖ. ఒక్కొక్క శాఖకు కొండలలో ఒక్కొక్క భాగము. అచ్చట బాటలు వేయుట, కుటీరములు కట్టుట ఆ శాఖ బాధ్యత. కొండయే లేని మైదానపు నగరములు చందాలు వేసికొని, ఎన్నడో చూడబోవు కొండపై ఇల్లు కట్టినవి. బ్రెస్లౌ నగర శాఖవారు 1882లో వైల్డ్‌ష్పిట్స శిఖరము క్రింద కుటీరము నిర్మించిరి. ఆ నగరము నేడు పోలెండులో వ్రొట్స్‌వావ్ అను పేరున నున్నది. కుటీరము మాత్రము పాత పేరుతోనే నిలిచియున్నది. 1909లో బ్రాండెన్‌బుర్గ్ వారి ఇల్లు 3,277 మీటర్ల ఎత్తున, హిమానీనదముల నడుమ, తెరువబడెను. పూర్వము మన దాతలు యాత్రికులకై బాట ప్రక్కన సత్రములు కట్టించినట్లే, అచ్చట చందాదారులు ఈ బసలను కట్టించిరని చెప్పవచ్చును. భేద మేమనగా, ఇచ్చట సభ్యుడును, సభ్యుడు కానివాడును బసకు రుసుము చెల్లింతురు. సభ్యునికి కొంత తగ్గింపు కలదు.

ఈ కుటీరములలో కొన్ని నియమములు వాడుకలో నున్నవి. మట్టి జోళ్ళు వాకిటి గదిలోనే విడువవలెను. పలువురు ఒకే గదిలో వరుసగా పరచిన పరుపులపై పరుండుట సాధారణము. అతిథి పుస్తకమున తన పేరును, మరునాడు వెళ్ళబోవు దారిని వ్రాయవలెను. మనిషి తప్పిపోయినచో వెదకువారికి ఆ వ్రాతయే దిక్కు. చలికాలమున కుటీరపాలకుడు దిగిపోయినను, అనేక కుటీరములలో ఒక గదిని బాటసారులకై విడిచిపెట్టెదరు. అందు కట్టెలు, పొయ్యి, కంబళ్ళు ఉండును. వాడుకొన్నవాడు తగిన సొమ్మును తానే చెల్లించి, గదిని శుభ్రపరచి పోవలెను. చూచువాడు లేని చోట మనిషి నిజాయితీని నమ్మి నడచు ఏర్పాటిది.

అయితే ఇంత చక్కని ఏర్పాటునకు ఒక మచ్చ గలదు. దానిని దాచుట చరిత్ర చెప్పువారికి తగదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము వియన్నాలోని ఆస్ట్రియా శాఖ 1921లో యూదులకు సభ్యత్వము లేదని నియమము చేసెను. యూదులును, వారి మిత్రులును డోనౌలాండ్ అను వేరు శాఖను నెలకొల్పుకొనగా, 1924లో సంఘము ఆ శాఖనే వెలివేసెను. తుపానులో కొట్టుకొని వచ్చినవానిని కులమడుగక లోనికి రానిచ్చుటకై కట్టిన తలుపులపై, మీకు ప్రవేశము లేదను ప్రకటనలు వెలసినవి. వెలియైనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. బెర్లిన్‌లోని వారి సహచరులు టిరోల్‌లోనే, ఓట్స్ లోయకు తూర్పుననున్న ట్సిల్లెర్ లోయ కొండలలో, 1930 ప్రాంతమున ఫ్రీజెన్‌బెర్గ్ గృహమును నిర్మించుకొనిరి. 21వ శతాబ్ది ఆరంభమున ఆ ఇంటిని అసహనమునకును, ద్వేషమునకును ఎదురుగా మనుష్యులు కలిసికొను స్థానముగా అంకితము చేసిరి.

ఇక నేటి సంగతి. సెన్ గురువు అతిథుల రాకను కోరెను. ఆయన కోరినదానికి వేయిరెట్లు ఇప్పుడు వచ్చుచున్నారు. మంచుపై జారు క్రీడకై తీగబండ్లు, విశాలమగు రోడ్లు, హోటళ్ళు ఓట్స్ లోయ మధ్యభాగమున విస్తరించినవి. ఇందువలన టిరోల్ ప్రభుత్వము కొన్ని కొండ ప్రాంతములను ప్రశాంత మండలములుగా చట్టరీత్యా ప్రకటించినది. అచ్చట కొత్త తీగబండ్లు, రాకపోకల రోడ్లు, పెద్ద చప్పుళ్ళు నిషిద్ధములు. నడచువారికిని, కాపరులకును నిషేధము లేదు. ఓట్స్ లోయ పైనున్న కొండలలో పెద్ద భాగ మిట్టి మండలమే. ఫెంట్ గ్రామము ఆస్ట్రియా ఆల్పైన్ సంఘమువారి పర్వతారోహక గ్రామములలో చేరినది. 2022 జూలైలో పొరుగున నున్న పిట్స్ లోయ గ్రామస్థులకు ఒక ప్రశ్న వేయబడెను: రెండు లోయల హిమానీనదములపై నున్న క్రీడాస్థలములను ఒకటిగా కలుపవచ్చునా? బహు స్వల్పమైన ఆధిక్యముతో వారు వలదనిరి. బ్రతుకుతెరువు కొఱకు కావలెనన్నవారును, కొండ కొఱకు వలదన్నవారును దాదాపు సమానమే. వారిలో ఎవరిని తప్పుపట్టగలము? అతిథులు రావలెనన్న సెన్ గురువు కోరికకును ఆ బ్రతుకుతెరువే మూలము గదా!

ఈలోగా హిమానీనదములు ఏటేట తరిగిపోవుచున్నవి. మంచుపై నడచిన పాత బాటలు కొన్ని రాళ్ళగుట్టలైనవి. కుటీరములకు నీటి ఇక్కట్లు కలుగుచున్నవి. బస నిలుపుటకు నేడును ఎవరో శ్రమపడవలసియే యున్నది.

ఫ్రాంజ్ సెన్ 1872లో ఫెంట్ విడిచి వెళ్ళి, 1884లో ష్టూబాయ్ లోయలోని నోయ్‌ష్టిఫ్ట్ గ్రామమున గతించెను. మరుసటి సంవత్సరము ఆ లోయ పైభాగమున ఆయన పేర ఒక కుటీరము తెరువబడెను; నేటికిని వేసవిలో అచ్చట బాటసారులు బస చేయుచున్నారు. ఆయన మిగిల్చిన ప్రశ్న మాత్రము ఆ లోయవారు ప్రతి తరమునను తామే తేల్చుకొనవలసియున్నది: ఎందరిని పిలువవలెను, ఎంతమేరకు పిలువవలెను? తుపాను వేళ తలుపు తట్టినవాని విషయమున మాత్రము సందేహమే లేదు. వానికి తలుపు తీయవలసినదే.