అమెరికాలో కుటుంబ మోటారు యాత్రలు: కారు, గుడారం, కాలిబాట

సెలవుల్లో కుటుంబమంతా ఒకే బండి ఎక్కి, అందులోనే వండుకుని, అందులోనే పడుకుంటూ, పగలు కొండదారుల్లో నడిచి రావడం నేటి అమెరికా మధ్యతరగతికి మామూలు విషయం. పొయ్యి, పడకలు, నీటి తొట్టి అమర్చిన ఇలాంటి బండిని మోటారుహోమ్ అంటారు. ఈ వినోదానికి చరిత్ర పాఠంలో చోటెందుకని మీకు సందేహం రావచ్చు. రోడ్డు ఎవరిది, అడవి ఎవరిది అనే రెండు ప్రశ్నలు దీనితో ముడిపడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో వీటిపై గట్టి సంఘర్షణే జరిగింది.

కారు రాక

ఎల్లోస్టోన్ 1872లో జాతీయ పార్కుగా ఏర్పడింది. తొలి దశాబ్దాల్లో రైలు, గుర్రపు బగ్గీ, హోటలు ఖర్చులు భరించగలిగినవారే ఎక్కువగా అక్కడికి వెళ్లేవారు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టి కారు ఈ పరిస్థితిని మార్చింది. మొదట 850 డాలర్లున్న దాని ధర 1920ల మధ్యకు 300 డాలర్ల లోపుకు దిగింది. రైతులు, గుమస్తాలు, బడిపంతుళ్లు కూడా కారు కొనగలిగారు. 1915లో ఎల్లోస్టోన్ కార్లను లోపలికి అనుమతించింది. మరుసటి ఏడాది ఏర్పడిన నేషనల్ పార్క్ సర్వీస్‌కు తొలి డైరెక్టరైన స్టీఫెన్ మాథర్ కార్లను అడ్డుకోకపోగా ఆహ్వానించాడు. సందర్శకులు పెరిగితేనే కాంగ్రెస్ నిధులిస్తుందని ఆయన లెక్క.

హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్, హార్వీ ఫైర్‌స్టోన్ 1915–1924 మధ్య కలిసి చేసిన విడిది యాత్రలు పత్రికల్లో బాగా ప్రచారం పొందాయి. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ కూడా వారితో చేరాడు. వంటవాళ్లు, సామాను లారీలు వెంట నడిచిన ఈ యాత్రలను నిరాడంబర జీవితానికి ఉదాహరణగా తీసుకోలేం. కార్లు, టైర్లు అమ్ముకునేవారికి ఇంతకన్నా మంచి ప్రకటన దొరకదు.

సాధారణ కుటుంబాలు మాత్రం కారు పక్కనే గుడారం కట్టి, డబ్బాల్లో నిల్వచేసిన ఆహారంతో సరిపెట్టుకునేవి. ఫ్లోరిడాలోని టాంపాలో 1919లో మొదలైన ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ సంఘానికి పేరు వచ్చింది ఆ డబ్బాల వల్లనే. ఎడ్లబండి కట్టుకుని జాతరకు వెళ్లి చెట్టుకింద పొయ్యి పెట్టుకోవడం ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. అయితే వీరిని కదిలించింది మొక్కుబడి కాదు, విరామం.

రోడ్డు ఎవరిది?

యాత్రికులు తమ అంగళ్లలో ఖర్చు పెడతారనే ఆశతో అనేక పట్టణాలు ఉచిత విడిది స్థలాలు తెరిచాయి. కొంతకాలానికి అదే కారులో, అదే గుడారంతో, పని వెతుక్కుంటూ పేద కుటుంబాలు కూడా రాసాగాయి. 1920లలోనే పట్టణాలు రుసుము వసూలు చేయడం మొదలుపెట్టాయి. నిర్వహణ ఖర్చు ఒక కారణమైతే, పేదలను దూరంగా ఉంచడం రెండో కారణం. ఆర్థిక మాంద్య కాలంలో ఈ విభజన మరింత పచ్చిగా బయటపడింది. 1936లో లాస్ ఏంజిలిస్ పోలీసులు కాలిఫోర్నియా సరిహద్దుల దాకా వెళ్లి, చేతిలో డబ్బులేని వలస కుటుంబాలను వెనక్కి పంపారు. బండి ఒకటే, పరుపులూ ఒకటే. ఒకరు పర్యాటకులు, మరొకరు దిమ్మరులు!

నల్లజాతి కుటుంబాలకు డబ్బున్నా దారి సుగమం కాలేదు. ఏ ఊళ్లో బస దొరుకుతుందో, ఎక్కడ భోజనం పెడతారో తెలిపే ‘గ్రీన్ బుక్’ను న్యూయార్క్‌లోని హార్లెమ్‌కు చెందిన తపాలా ఉద్యోగి విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో ప్రారంభించాడు. తిండి, పక్కబట్టలు వెంట తీసుకెళ్లడం తెల్లవారికి సరదా, నల్లవారికి ముందుజాగ్రత్త. వర్జీనియాలోని షెనాండోవా జాతీయ పార్కు 1939లో నల్లవారికి లూయిస్ మౌంటెన్ అనే వేరే విడిదిని కేటాయించింది. వసతిగృహాల్లో, భోజనశాలల్లో వివక్షను దేశమంతటా నిషేధించిన పౌరహక్కుల చట్టం 1964లో గాని రాలేదు.

అడవి ఎవరిది?

‘నిర్మానుష్యమైన ప్రకృతి’ అని యాత్రికులు మెచ్చుకున్న ప్రాంతాలు అంతకుముందు నిర్మానుష్యం కావు. 1910లో గ్లేసియర్ పార్కు ఏర్పడిన భూమిలో తూర్పు సగం బ్లాక్‌ఫీట్ తెగవారు 1895 ఒప్పందం కింద వదులుకోవలసి వచ్చినదే.

కార్లు పెరిగేకొద్దీ నేల దెబ్బతిన్నది. చక్రాల బరువుకు మట్టి గట్టిపడి, వేర్లకు గాలి, నీరు అందక చెట్లు క్షీణిస్తున్నాయని వృక్షవ్యాధుల శాస్త్రవేత్త ఎమిలియో మైనెకె గుర్తించాడు. ఒకే దిశలో సాగే వలయాకారపు దారి, దాని పక్కన ఒక్కొక్క బండికి విడి స్థలం ఉండేలా ఆయన రూపొందించిన నమూనాను 1930లలో సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌కు చెందిన నిరుద్యోగ యువకులు అనేక పార్కుల్లో అమలుచేశారు. నేటి విడిది స్థలాల్లో చాలావాటికి మూలం ఇదే.

రోడ్ల విస్తరణే దానికి వ్యతిరేకతనూ పుట్టించింది. 1921లో అపలాచియన్ కాలిబాటను ప్రతిపాదించిన బెంటన్ మెకై, 1935లో ఆల్డో లియోపోల్డ్, బాబ్ మార్షల్ తదితరులతో కలిసి వైల్డర్‌నెస్ సొసైటీని స్థాపించాడు. కొన్ని అడవులకైనా రోడ్డు చేరకూడదన్నది వారి వాదం. ఇక్కడొక వైరుధ్యాన్ని గమనించండి: కాలినడకకు వచ్చేవారిలో అత్యధికులను అడవి అంచుదాకా తెచ్చింది కారే.

1956 చట్టం 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారులకు మార్గం వేసింది. అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో సంస్థ 1966లో మోటారుహోమ్‌ల తయారీ మొదలుపెట్టి, వాటి ధరను మధ్యతరగతికి దగ్గర చేసింది. 1973 చమురు సంక్షోభం ఈ పరిశ్రమను గట్టిగానే దెబ్బతీసింది, కాని పరిశ్రమ నిలదొక్కుకుంది. విన్నెబాగోకు రెండేళ్ల ముందే, 1964లో, వైల్డర్‌నెస్ చట్టం 91 లక్షల ఎకరాల్లో రోడ్లను, మోటారు వాహనాలను నిషేధించింది. మోటారుహోమ్ ఆ సరిహద్దు దగ్గర ఆగిపోవలసిందే. అక్కడినుంచి పిల్లలూ పెద్దలూ మూటలు వీపున వేసుకుని నడవాలి.