వరద తీశాక ఆస్పత్రిని ఎప్పుడు తెరవొచ్చు?

2018 జులై చివర్లో పట్నాలోని నలందా మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఐసీయూలోకి వాన నీరు చేరింది. ఆ నీటిలో చేపలు ఈదుతున్న దృశ్యాలను దేశమంతా చూసింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 సెప్టెంబరు వరదల్లో శ్రీనగర్‌లోని పెద్ద ఆస్పత్రులు మునిగిపోయాయి. 2022 వరదల్లో పాకిస్తాన్‌లో 1,400కు పైగా ఆరోగ్య కేంద్రాలు దెబ్బతిన్నాయి.

నీరు తీయగానే వార్తలు ఆగిపోతాయి. ఆస్పత్రికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. గచ్చు కడిగి, బ్లీచింగ్ చల్లి, సున్నం వేస్తే భవనం శుభ్రంగానే కనిపిస్తుంది. గోడలోని తడి మాత్రం కనిపించదు.

ముందుగా చూసుకోవాల్సింది కరెంటు. 2015 డిసెంబరులో చెన్నైలో అడయార్ నది పొంగినప్పుడు ఒక ప్రైవేటు ఆస్పత్రిలోకి నీరు చేరి, జనరేటర్లు పనిచేయలేదు. ఐసీయూ రోగుల మరణాలపై పెద్ద వివాదం నడిచింది. నీరు తీశాక కూడా ప్రమాదం పోదు. మెయిన్ సరఫరా ఆపకుండా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. తడిసిన ప్యానెళ్లను, కేబుళ్లను ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో పరీక్షించాకే సరఫరా ఇవ్వాలి. మునిగిన స్విచ్‌లు, సాకెట్లు, బ్రేకర్లను ఆరబెట్టి వాడటం కంటే మార్చేయడమే మేలు. తాత్కాలిక జనరేటర్‌ను వరండాలోనో, కిటికీ పక్కనో పెట్టకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వార్డులోకి చేరితే ప్రాణాలు తీస్తుంది.

తర్వాత తేల్చుకోవాల్సింది ఏ నీరు వచ్చిందన్నది. పైపు పగిలి వచ్చిన నీరు వేరు, డ్రైనేజీ ఎదురుతన్ని వచ్చిన నీరు వేరు. వరద నీటిని మురుగు నీటిగానే లెక్కేయాలి.

తడిసిన వస్తువులు 48 గంటల్లోగా పూర్తిగా ఆరకపోతే బూజు పడుతుందన్నది అంతర్జాతీయంగా పాటించే లెక్క. మన వరదల్లో అంత వ్యవధి దొరకడం అరుదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో నీరు రోజుల తరబడి నిలిచింది. అలాంటి చోట నీటిమట్టానికి కింద ఉన్న పరుపులు, జిప్సం బోర్డులు, ప్లైవుడ్ అల్మరాలు, అట్టపెట్టెలు పనికిరావని ముందే నిర్ణయించుకోవాలి. పారేసే ముందు ఫొటోలు తీసి జాబితా రాసుకుంటే బీమాకు, ఆడిట్‌కు ఉపయోగపడుతుంది.

మన ఆస్పత్రులు ఎక్కువగా ఇటుక, సిమెంటు కట్టడాలు. వీటిని కూల్చనక్కర్లేదు కానీ, ఆరడానికి వారాలు పడుతుంది. తొందరపడి రంగు వేస్తే తడి లోపలే ఉండిపోయి, కొన్నాళ్లకు పెచ్చులూడి బూజు బయటపడుతుంది. చేత్తో తడిమి చూస్తే సరిపోదు, తేమ మీటరుతో కొలవాలి. తడిసిన ఫాల్స్ సీలింగ్ పలకలను తీసేయాలి. ఏసీ డక్టులను పరిశీలించి శుభ్రం చేసేవరకు ఏసీ వేయకూడదు. భవనంలో ఒక భాగం నడుస్తుంటే, పనులు జరిగే చోటును ప్లాస్టిక్ షీట్లతో మూసి, అక్కడి గాలిని నేరుగా బయటికి పంపాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఇంట్లో తుమ్ములు తెప్పించే బూజు ఆస్పత్రిలో ప్రాణాంతకం కావచ్చు. కీమోథెరపీ తీసుకునేవారు, అవయవ మార్పిడి జరిగినవారు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడేవారు, నెలలు నిండని శిశువులు ఆస్పర్జిల్లస్ వంటి ఫంగస్‌ను తట్టుకోలేరు. ఫంగస్ బలహీనుల్ని ఏం చేయగలదో 2021లో బ్లాక్ ఫంగస్ చూపించింది.

ఆపరేషన్ థియేటర్‌కు ఫ్యూమిగేషన్ చేసి, స్వాబ్ కల్చర్ బాగుందనగానే తెరవడం చాలాచోట్ల అలవాటు. గోడ తడిగా ఉన్నప్పుడు ఆ రిపోర్టుకు విలువ తక్కువ. పొగ పైపైనే పనిచేస్తుంది, తడి ఉన్నంతకాలం బూజు మళ్లీ వస్తుంది. క్లోరిన్‌దీ అదే పరిస్థితి. బురదను సబ్బు నీటితో కడిగేశాక వాడితేనే పనిచేస్తుంది. బ్లీచింగ్‌లో మరుగుదొడ్ల యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుందని పారిశుద్ధ్య సిబ్బందికి ముందే చెప్పాలి. గ్లవ్స్, బూట్లు ఇవ్వడంతో పాటు, ఎలుకజ్వరం రాకుండా డాక్సీసైక్లిన్ అవసరమేమో వైద్యులు చూడాలి.

సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకులను ఖాళీ చేసి, కడిగి, క్లోరినేట్ చేయాలి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి, బ్యాక్టీరియా పరీక్ష కూడా బాగుండాలి. వాడకుండా వదిలేసిన పైపుల్లో లెజియోనెల్లా పెరుగుతుంది కనుక ప్రతి కుళాయినీ చాలాసేపు వదలాలి. డయాలసిస్‌కు ఇది చాలదు. ఆర్‌వో ప్లాంటును శుద్ధిచేసి, ఆ నీటిని విడిగా పరీక్షించాలి.

తడిసిన స్టెరైల్ ప్యాక్ ఇక స్టెరైల్ కాదు. వరద నీరు తగిలిన మందులను, సీలు బాగున్నా, వాడకూడదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకాలు కరెంటు లేక ఎంతసేపు వేడెక్కాయో రికార్డు, వయల్ మానిటర్ చూసి తేల్చాలి. మునిగిన ఎక్స్‌రే, సీటీ యంత్రాలను కంపెనీ ఇంజినీరు చూసి, నాణ్యతా పరీక్షలు అయ్యేవరకు ఆన్ చేయకూడదు. ఆక్సిజన్ పైపులైన్లలో లీకేజీ, పీడనం, శుద్ధత పరీక్షించాకే రోగికి గాలి ఇవ్వాలి.

అలాగని అన్నీ పూర్తయ్యేదాకా తాళం వేసి ఉంచితే, ప్రసవానికో పాముకాటుకో వచ్చేవారికి దారి లేదు. అందుకే దశలవారీగా తెరవాలి. టెంట్లలోనో పక్కనున్న బడిలోనో ఓపీ, అత్యవసర చికిత్స మొదట. తడవని పై అంతస్తుల్లో ప్రసూతి, సాధారణ వార్డులు తర్వాత. థియేటర్లు, ఐసీయూ, డయాలసిస్, కేన్సర్ వార్డులు చివర. ఒక్కో విభాగాన్ని తెరిచే ముందు ఇంజినీరు, ఇన్‌ఫెక్షన్ నియంత్రణ బాధ్యుడు, సూపరింటెండెంట్ సంతకాలు చేస్తే, పైనుంచి వచ్చే ఒత్తిడికి కాగితం మీద జవాబు ఉంటుంది.

ఆస్పత్రుల భద్రతపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. మరమ్మతులప్పుడే జనరేటర్, ప్రధాన ప్యానెల్, మందుల స్టోరు, రికార్డు గది సెల్లార్ నుంచి పైకి చేర్చడం తేలిక. ఒకసారి రంగులు వేసి ప్రారంభోత్సవం జరిగాక ఆ పనికి నిధులు అడగడం కష్టం.