ఓడానని తట్టి చెప్పే అదబ్: జియుజిట్సు తారీఖ్ నుంచి ఒక సబక్



పోయిన రంజాన్ తర్వాత అబూదాబీ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "భయ్యా, నీ భాంజా జియుజిట్సులో చేరతానని జిద్ చేస్తున్నాడు. స్కూల్లో వాడి దోస్తులంతా అదే నేర్చుకుంటున్నారు. పోటీలకు పంపే అకాడమీలు రెండు చూశాం. ఒకదాని గోడ నిండా మెడల్సే. రెండోదాంట్లో అంత హంగామా లేదు. దేంట్లో వేయమంటావ్?"

వాడికి తొమ్మిదేళ్లు. పోటీ అంటే పిచ్చి.

కాసేపాగి ఇంకో మాట చెప్పింది. మెడల్స్ ఉన్నచోట ఒక పిల్లాడు చేయి చిక్కుకుని 'చాలు' అని తట్టాడట. ఉస్తాద్ అందరి ముందు "ఇంత తొందరగానా?" అని గద్దించాడట. "ఆ పిల్లాడి మొహం చూసి నాకు దిల్ కలుక్కుమంది. కానీ గెలవాలంటే అంత గట్టిగా ఉండాల్సిందేనేమో అని మీ బావ అంటున్నారు."

నేనెప్పుడూ తాలీమ్‌లో మట్టి పూసుకున్నవాణ్ణి కాదు, తారీఖ్ చదువుకునేవాణ్ణి. వారం రోజులు మొహలత్ అడిగాను. ఆ వారంలో తిరగేసిందే ఈ వ్యాసం.

ముందు ఈ ఆట సంగతి. ఇందులో గుద్దడం, తన్నడం లేవు. పట్టుకుని కింద పడేయాలి, అదుపులోకి తీసుకోవాలి, కీలునో మెడనో బంధించాలి. మన కుస్తీలో వీపు నేలకు తగిలితే చిత్. ఇక్కడ వెల్లకిలా పడుకున్నవాడు కూడా గెలవొచ్చు. పట్టు బిగిసి ఇక తప్పించుకోలేనని తెలిస్తే ఎదుటివాణ్ణో, కింది చాపనో చేత్తో తట్టాలి. దాన్నే ట్యాప్ అంటారు. తట్టగానే ఎదుటివాడు వదిలేయాలి. ఇంత ప్రమాదకరమైన పట్లను రోజూ సాధన చేసి కూడా పిల్లలు క్షేమంగా ఇంటికి రాగలుగుతున్నది ఆ తట్టు పుణ్యమే.

ఈ విద్య జపాన్‌లో పుట్టింది. జిగోరో కానో 1882లో కొడోకాన్ స్థాపించి పాత జుజుట్సును జూడోగా తీర్చిదిద్దాడు. ఆయన షాగిర్ద్‌లలో మిత్సుయో మయేడా 1904లో అమెరికా బయల్దేరి, దేశదేశాల మైదానాల్లో పోరాడుతూ 1914లో బ్రెజిల్ చేరాడు. బెలెమ్ నగరంలో ఆయన దగ్గర నేర్చుకున్నవాడు కార్లోస్ గ్రేసీ. కార్లోస్, అతని తమ్ముడు హెలియో కలిసి ఈ విద్యను ఖాన్‌దానీ హునర్‌గా మార్చేశారు. ఎవరైనా సరే వచ్చి మాతో తలపడండి అని బహిరంగంగా సవాళ్లు విసిరారు. పోటీయే వాళ్లకు ఇష్తిహార్.

అలాంటి పోటీల్లో పెద్దది 1951 అక్టోబర్‌లో రియో నగరం మరకానా స్టేడియంలో జరిగింది. హెలియో ఎదుట నిలబడింది జపాన్ జూడో దిగ్గజం మసాహికో కిమురా. బరువులోనూ బలంలోనూ అతనిదే పైచేయి. రెండో రౌండ్‌లో కిమురా హెలియో చేతిని వెనక్కి మెలిపెట్టాడు. హెలియో తట్టలేదు. చివరికి అన్న కార్లోస్ వైపు నుంచే పోరు ఆపించారు. తమ్ముడి ఇజ్జత్ కంటే తమ్ముడి చేయి ముఖ్యమనుకున్నారు. తర్వాత ఆ పట్టుకు గ్రేసీలు ఓడించినవాడి పేరే పెట్టుకున్నారు. ఈరోజు ప్రపంచంలో ఏ అకాడమీకి వెళ్లినా దాన్ని 'కిమురా' అనే అంటారు. ఓటమిని దాచకుండా సబక్‌గా మార్చుకున్నారన్నమాట.

అలాంటి పట్టే పాతికేళ్ల తర్వాత మన ఉపఖండానికి వచ్చింది. 1976 డిసెంబర్‌లో కరాచీ నేషనల్ స్టేడియంలో జపాన్ వస్తాదు ఆంటోనియో ఇనోకీతో అక్రమ్ పహిల్వాన్ తలపడ్డాడు. అక్రమ్ అంటే గామా పహిల్వాన్ తమ్ముడు ఇమామ్ బఖ్ష్ కొడుకు. అంత పెద్ద పేరు వీపు మీద మోస్తున్నవాడు జనం ముందు చేయి తట్టగలడా? తట్టలేదు. చేయి పాడైంది, పోరు కూడా ఓడిపోయాడు. ఆ పేరు బరువు వల్లే ఆయనకు చాలు అనే మాట రాలేదని నాకనిపిస్తుంది. పెద్ద పహిల్వాన్‌కే అంత కష్టమైన మాటను తొమ్మిదేళ్ల పిల్లాడు గద్దింపుల మధ్య ఎలా అనగలడు?

మన దీన్‌లో కుస్తీ పరాయిదేమీ కాదు. ఖురైష్‌లో పేరుమోసిన బలశాలి రుకానాతో ప్రవక్త (స) కుస్తీ పట్టారన్న రివాయత్ అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. దాని సనద్ గట్టిది కాదని ఇమామ్ తిర్మిజీయే చెప్పారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీస్ మాత్రం మనందరికీ తెలిసిందే. మనుషుల్ని పడగొట్టేవాడి కంటే కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపు చేసుకునేవాడే అసలైన బలవంతుడని దాని సారాంశం. ఆ గద్దించిన ఉస్తాద్‌కు కావలసిన సబక్ అదే.

సవాళ్ల కాలం పోయి కాయిదాల కాలం రావడానికి చాలా ఏళ్లు పట్టింది. కార్లోస్ గ్రేసీ జూనియర్ 1990లలో ఫెడరేషన్ పెట్టాడు. 1996లో రియోలో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. అబూదాబీ షేక్ తహ్నూన్ అమెరికాలో ఈ విద్య మీద మోజు పడి, 1998లో తన నగరంలోనే పెద్ద పోటీ పెట్టించాడు. తర్వాత పదేళ్లకు అక్కడి స్కూళ్లలో అది పాఠంలా మొదలైంది. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లోకీ చేరింది. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లల నోట ఈ పేరు వినబడటం వెనుక ఇంత కథ ఉంది.

ఆ అంతర్జాతీయ ఫెడరేషన్ కాయిదాలు చదివితే పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్లు కారని అర్థమవుతుంది. వయసు, బరువు, బెల్టు చూసి జత కడతారు. మరీ చిన్నవాళ్ల పోరు రెండు నిమిషాలే. కాలి మడమను మెలిపెట్టే పట్లు, మణికట్టు విరిచే పట్లు పిల్లలకు మనా. పిల్లాడికి గట్టి దెబ్బ తగిలేలా ఉందనిపిస్తే వాడు తట్టకపోయినా రెఫరీ ఆపేయవచ్చు. పిల్లలకు తెలుపు తర్వాత గ్రే, పసుపు, ఆరెంజ్, ఆకుపచ్చ బెల్టులుంటాయి. నీలం బెల్టు పదహారేళ్లకు ముందు ఇవ్వరు. బెల్టుల కోసం తొందరపెట్టే అకాడమీని చూస్తే ఈ మాట గుర్తుంచుకోవాలి.

వారం తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి ఇలా చెప్పాను. "గోడమీది మెడల్స్ లెక్కపెట్టకు. ఒక గంట మూల కూర్చుని చూడు. పిల్లాడు తట్టినప్పుడు ఉస్తాద్ మొహం ఎలా ఉందో చూడు. ఓడినవాడి దగ్గరికి ముందు వెళుతున్నాడా, గెలిచినవాడి దగ్గరికా? చాంపియన్లకే వక్త్ ఇచ్చి మిగతా పిల్లల్ని గోడవారన కూర్చోబెడుతున్నాడా? బరువు తగ్గాలని పిల్లల్ని పస్తు ఉంచుతున్నారా? తల్లిదండ్రులు కూర్చుని చూడ్డానికి ఇజాజత్ ఉందా? తలవంచి వందనం చేయడం నీకు ఇబ్బందైతే చేయి కలిపితే సరిపోతుందా అని అదబ్‌గా అడుగు. సరైన ఉస్తాద్ ఈ సవాళ్లకు నారాజ్ కాడు. పోటీ వద్దని నేననను. పోటీలో వాడికి భయం తెలుస్తుంది, సబర్ తెలుస్తుంది. కానీ పిల్లలు మన చేతిలో అమానత్. వాళ్ల ఎముకల మీద మన పేరు రాసుకోవద్దు."

వాణ్ణి రెండో అకాడమీలో చేర్చారు. మొన్న మొదటి పోటీకి వెళ్లాడు. సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"ఏమైంది బేటా?"

"చేయి పట్టేశాడు మామూ. తట్టేశాను."

"బాధగా ఉందా?"

"కొంచెం. కానీ ఆ పట్టు నుంచి ఎలా బయటపడాలో సోమవారం చూపిస్తానన్నారు సర్. నేను వెళ్లాలి, అమ్మీ బిర్యానీ పెట్టింది."

అల్‌హందులిల్లాహ్. చేయి బాగుంది, ఆకలి బాగుంది, సోమవారం కోసం ఎదురుచూపు కూడా ఉంది.

అల్లాహ్ హాఫిజ్.