ఆపద వేళకు పటాలు: అమెరికాలో స్వచ్ఛంద పటరచన

జీతం ఆశించని పౌరులు కంప్యూటర్ల ముందు కూర్చుని, ఉపగ్రహ చిత్రాలలో కనిపించే దారులనూ ఇళ్లనూ గీసి, విపత్తు ప్రాంతాలకు వెళ్లే సహాయక బృందాలకు పటంగా అందించే సేవకు అమెరికాలో పునాది పడినది ప్రభుత్వం తన భౌగోళిక సమాచారాన్ని ప్రజలకు విడిచిపెట్టడంతోనే. పౌరులకు అందే జీపీఎస్ సంకేతాలలో ఉద్దేశపూర్వకంగా కలుపుతూ వచ్చిన దోషాన్ని 2000 మే నెలలో అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో తొలగించారు. అంతకు ముందే జనగణన సంస్థ ‘టైగర్’ పేరుతో సిద్ధం చేసిన వీధుల వివరాలకు కాపీరైట్ లేనందువల్ల, 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన, ఎవరైనా దిద్దగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి 2007–08లో అవి చేరాయి. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడు ప్రభుత్వ విమానాలు తీసిన చిత్రాలు వెంటనే ప్రజలకు అందుబాటులోకి రావడంతో, ఊరు విడిచి వెళ్లినవారు తమ ఇంటి చుట్టూ నీరు ఎంతవరకు నిలిచిందో దూరం నుంచే వెతుక్కోగలిగారు.

అయితే ఈ సేవకు అసలు పరీక్ష 2010 జనవరి 12న, హైతీలో 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపంతో ఎదురైంది. రాజధాని పోర్టో ప్రిన్స్‌కు అప్పటికి స్వేచ్ఛగా వాడుకోదగిన వివరమైన వీధుల పటం లేదు. జియోఐ, డిజిటల్‌గ్లోబ్ అనే అమెరికన్ సంస్థలు తమ ఉపగ్రహ చిత్రాలను విడుదల చేయగా, వందలాది స్వచ్ఛంద సేవకులు కొద్ది రోజులలోనే వీధులను, కూలిన భవనాలను, గుడారాల శిబిరాలను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీశారు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ నుంచి వెళ్లిన రక్షణ దళం ఆ పటాలను చేతి జీపీఎస్ పరికరాలలో నింపుకొని శిథిలాల మధ్య తిరిగింది. బోస్టన్ సమీపంలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, కెన్యాలో పుట్టిన ‘ఉషాహిది’ సాఫ్ట్‌వేర్‌తో, సాయం కోరుతూ 4636 సంఖ్యకు వచ్చిన సందేశాలను పటంపై చేర్చారు. ఆ సందేశాలు హైతీయుల క్రెయోల్ భాషలో ఉండడం వల్ల, అమెరికాలోనూ ఇతర దేశాలలోనూ స్థిరపడిన హైతీయులే వాటిని అనువదించి, బాధితులు పేర్కొన్న పేటలు ఎక్కడున్నవో గుర్తించారు. ఈ చరిత్రలో అత్యంత విలువైన ఘట్టం ఇదేనని చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే సాంకేతికతకు దక్కిన కీర్తి వెనుక ఆ మనుషుల స్థలజ్ఞానం మరుగున పడిపోయింది.

అదే ఏడాది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సేవకుల బృందం, ‘హాట్’ అనే పేరుతో, అమెరికాలో లాభాపేక్షలేని సంస్థగా నమోదైంది. ప్రాంతాన్ని చిన్న చిన్న చదరాలుగా విభజించి, ఒకరు గీసినదాన్ని అనుభవజ్ఞుడైన మరొకరు సరిచూసే పద్ధతిని అది రూపొందించింది. 2014లో అమెరికన్ రెడ్‌క్రాస్ తదితర సంస్థలతో కలిసి మొదలుపెట్టిన ‘మిస్సింగ్ మ్యాప్స్’, విపత్తు వచ్చాక కాక ముందే పటాలు సిద్ధం చేయడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. 2017 సెప్టెంబరులో మరియా తుపాను అమెరికా పాలనలోనే ఉన్న ప్యూర్టోరికోను ధ్వంసం చేసినప్పుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలో ‘మ్యాపథాన్‌లు’, అనగా పలువురు ఒకచోట చేరి పటాలు గీసే సమావేశాలు, జరిగాయి. పై నుంచి తీసిన చిత్రం ఇంటి కప్పును చూపగలదే గాని, ఆ పేటను స్థానికులు ఏ పేరుతో పిలుస్తారో, దారిలోని వంతెన ఇంకా నిలిచి ఉన్నదో లేదో చెప్పలేదు. కాబట్టి అక్కడ కూడా ద్వీపవాసుల సాయం లేకుండా పటం పూర్తయ్యేది కాదు.